ఆరు నిమిషాల ఆన్‌లైన్ పాఠం: ముందు ప్రశ్న, తర్వాత కెమెరా

ఏ కెమెరా కొనాలి? ఏ యాప్‌లో ఎడిటింగ్ చేయాలి? క్లాసులో చెప్పే గంట పాఠాన్ని అట్లనే రికార్డు చేసి పెడితే సరిపోదా? హనుమకొండ కోచింగ్ సెంటర్ల లెక్చరర్లు, ములుగు, భూపాలపల్లి వైపు రైతులకు, మహిళా సంఘాలకు శిక్షణ ఇచ్చేవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి ఈ మూడే. మూడోదానికి జవాబు ముందే చెప్పేస్తే మిగతా రెండూ తేలికవుతాయి: సరిపోదు. క్లాసులో కునుకు తీసే పిల్లవాణ్ని మీరు లేపుతారు, ఫోన్‌లో లేపేవాళ్లుండరు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని వీడియోలను జనం 69 లక్షల సార్లు చూసిన లెక్కలు తీసి 2014లో పరిశోధకులు తేల్చింది కూడా ఇదే. వీడియో ఎంత పొడవున్నా, మధ్యస్థంగా ఒక మనిషి చూసేది 6 నిమిషాలకు మించడం లేదు. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

కింద చెప్పిన పద్ధతికి ఒకే ఉదాహరణ పట్టుకుని చివరిదాకా నడుద్దాం: పత్తి చేనులో గులాబీ రంగు పురుగు ఉందో లేదో పచ్చికాయ పగలగొట్టి చూసుకోవడం. మీది ఇంటర్ ఫిజిక్స్ అయినా, కుట్టు మిషన్ శిక్షణ అయినా మెట్లు మారవు.

ఏమేం కావాలి

- వెనుక కెమెరాతో 1080 రికార్డింగ్ చేసే ఏ స్మార్ట్‌ఫోన్ అయినా చాలు. కొత్తది కొనకండి.
- వైరుతో వచ్చే కాలర్ మైకు. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. డబ్బు పెట్టాల్సింది ఏదైనా ఉంటే దీనికే.
- ఫోన్ కదలకుండా పట్టే స్టాండు.
- ల్యాప్‌టాప్, అందులో మూడు ఉచిత సాఫ్ట్‌వేర్లు: స్క్రీన్ రికార్డింగ్‌కు ఓబీఎస్ స్టూడియో, గొంతు శుభ్రం చేయడానికి ఆడాసిటీ, ఫైలు సైజు తగ్గించడానికి హ్యాండ్‌బ్రేక్.
- ఒక గూగుల్ ఖాతా. గూగుల్ ఫారం (ప్రశ్నలు పెట్టి జవాబులు తెప్పించుకునే ఆన్‌లైన్ పేజీ), యూట్యూబ్ రెండింటికీ అదే.
- ఐదుగురు మనుషులు. మీ తోటి ఉద్యోగులు కాదు, ఆ పాఠం నిజంగా అవసరమున్నవాళ్లు. జాబితాలో అందరూ వదిలేసేది ఇదే.

మొదటి పాఠానికి రెండు పూర్తి రోజులు పడుతుందనుకుని మొదలుపెట్టండి. నాలుగో పాఠానికి అది ఒక పూటకు దిగుతుంది.

1. చివర్లో మనిషి ఏం చేయగలగాలో ఒక్క వాక్యంలో రాయండి

"గులాబీ రంగు పురుగుపై రైతులకు అవగాహన కలుగుతుంది." ఇట్లాంటి వాక్యం కొట్టేయండి. అవగాహన కలిగిందో లేదో పక్కన నిలబడి చూసినా కనబడదు. ఇట్ల రాయండి: "రైతు తన చేనులో వేర్వేరు చెట్ల నుంచి 20 పచ్చికాయలు కోసి, పగలగొట్టి చూసి, మందు కొట్టాలో వద్దో చెప్పాలి." కోయడం కనబడుతుంది, పగలగొట్టడం కనబడుతుంది, చెప్పింది వినబడుతుంది.

ఇంటర్ పిల్లలకైతే "ఓమ్ నియమం అర్థమవుతుంది" అని కాకుండా "మూడు రెసిస్టర్లున్న సర్క్యూట్ బొమ్మ చూసి, కరెంటు ఎంతో లెక్క కట్టి, యూనిట్ సహా రాస్తారు" అని రాయండి.

వాక్యంలో సంబంధం లేని రెండు పనులు ఇరికితే అవి రెండు పాఠాలు. కాయ పగలగొట్టి చూడటం ఒకటి. లింగాకర్షక బుట్ట (మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టేది) కట్టి, పడ్డ పురుగులను లెక్కపెట్టడం ఇంకోటి. రెండో పాఠంలో గుర్తుంచుకోవాల్సిన అంకె వేరు, వరుసగా మూడు రోజులు బుట్టకు 8 చొప్పున పడటం. ఆ 8ని, ఈ 20ని ఒకే వీడియోలో చెబితే వారం తిరిగేసరికి రెండూ కలగలిసిపోతాయి.

2. స్క్రిప్టు కంటే ముందు ప్రశ్నలు రాయండి

ఈ మెట్టు తలకిందులుగా కనిపిస్తుంది. దీన్ని దాటేసినవాళ్లంతా 25 నిమిషాల వీడియో తీసి, చివర్లో హడావుడిగా ఐదు ప్రశ్నలు అతికిస్తారు. ప్రశ్న ముందుంటే, దానికి పనికిరాని ముచ్చటంతా వీడియోలోంచి దానంతట అదే రాలిపోతుంది.

ఒక ప్రశ్న దగ్గరగా చూద్దాం:

20 పచ్చికాయలు పగలగొట్టి చూశారు. 3 కాయల్లో బతికున్న పురుగు కనిపించింది. ఇప్పుడేం చేస్తారు?
అ) 17 కాయలు బాగానే ఉన్నాయి, ఇంకో వారం చూస్తాను.
ఆ) మందు కొట్టాల్సిన స్థాయి దాటింది, ఆలస్యం చేయను.
ఇ) ఆ మూడింటికీ పైన రంధ్రం లేదు, అందుకని లెక్కలోకి తీసుకోను.

జవాబు ఆ. నూటికి 10 కాయల్లో, అంటే 20కి రెండింటిలో బతికున్న పురుగు ఉంటే చర్య తీసుకోవాలి. ఇక్కడ చూడాల్సింది మాత్రం తప్పు జవాబులను. అవి గాల్లోంచి తెచ్చినవి కావు. "చాలావరకు బాగానే ఉంది కదా" అనుకోవడం, "పైకి రంధ్రం లేకుంటే పురుగు లేనట్టే" అనుకోవడం చేనులో నిజంగా జరిగే పొరపాట్లు. పిల్ల పురుగు లోపలికి పోయిన రంధ్రం మూసుకుపోతుంది, కాయ పైకి నున్నగానే ఉంటుంది. ఇ ఎంచుకున్న మనిషికి సరిగ్గా ఆ ముక్క చెప్పాలి. ఒట్టి "తప్పు" అని ఎర్ర గుర్తు పెట్టి వదిలేస్తే ఆ ప్రశ్న వృథా.

ప్రశ్నల్లో తరచూ జరిగే పొరపాట్లు:

- సరైన జవాబు మిగతావాటి కంటే పొడుగ్గా ఉండటం. పాఠం చూడనివాళ్లు కూడా పొడుగుదాన్నే నొక్కుతారు, మార్కు వస్తుంది.
- "పైవన్నీ". రెండు సరైనవని తెలిస్తే చాలు, మూడోది చదవకుండానే నొక్కుతారు.
- "కింది వాటిలో కానిది ఏది?" ఫోన్‌లో చదివేటప్పుడు "కా" చూపు జారిపోతుంది. జవాబు తెలిసినవాళ్లు కూడా తప్పుతారు.
- "గులాబీ రంగు పురుగు ఏ రంగులో ఉంటుంది?" వంటి ప్రశ్న. నవ్వులాటగా ఉంది గానీ ఇందులో ఒక మెలిక ఉంది. చిన్నప్పుడు ఆ పురుగు తెల్లగా ఉంటుంది, పెరిగాకే గులాబీ రంగు వస్తుంది. గులాబీ రంగు కోసమే వెతికే రైతు తెల్ల పిల్ల పురుగును వదిలేస్తాడు. అందుకే మాటలతో అడగకుండా తెల్ల పురుగున్న కాయ ఫొటో పెట్టి "ఈ కాయ లెక్కలోకి వస్తుందా?" అని అడగండి.

ఆరు నిమిషాల పాఠానికి 4 ప్రశ్నలు చాలు. ఒకటి మధ్యలో, మూడు చివర.

3. స్క్రిప్టు

కాగితాన్ని నిలువుగా రెండుగా మడవండి. ఎడమవైపు మీరు పలికేది, కుడివైపు ఆ సమయానికి తెర మీద కనిపించేది. కుడివైపు ఖాళీగా ఉన్న చోటల్లా మీ ముఖమే కనబడుతుంది. అది 20 సెకన్లు దాటితే అక్కడో బొమ్మ కావాలి.

మాటల లెక్క: నింపాదిగా చదివితే తెలుగులో నిమిషానికి సుమారు 90 నుంచి 100 మాటలు. మీ వేగం మీరే ఒక పేజీ చదివి కొలుచుకోండి. ఆ లెక్కన ఆరు నిమిషాలంటే 550 మాటలు. చేతులతో చేసి చూపించేటప్పుడు మాట ఆగుతుంది కాబట్టి 450 దగ్గర ఆపండి.

మొదటి 20 సెకన్లలో నమస్కారాలు, సంస్థ చరిత్ర, "ఈరోజు మనం తెలుసుకోబోయే అంశం" ఏవీ వద్దు. పగలగొట్టిన కాయ, లోపల పురుగు, "పైకి నున్నగా ఉన్న ఈ కాయలో ఏముందో చూడండి" అనే మాట. పేరు, హోదా చివర్లో చెప్పుకోవచ్చు. పెద్దల సందేశం తప్పనిసరిగా పెట్టాలని పైనుంచి ఒత్తిడి వస్తే దాన్ని వేరే వీడియోగా పెట్టండి. అందరికీ మర్యాద దక్కుతుంది, పాఠమూ చెడదు.

భాష విషయంలో ఒకటే సూత్రం: వినేవాళ్లు ఇంట్లో వాడే మాటే వాడండి. నర్సంపేట రైతు మక్కలు అంటాడు, మీరు వీడియో నిండా మొక్కజొన్న అంటే పరాయి పాఠంలా వినిపిస్తుంది. "పురుగుమందు పిచికారీ చేయవలెను" కంటే "మందు కొట్టాలె" తొందరగా ఎక్కుతుంది. అట్లని లేని యాసను తెచ్చిపెట్టుకోకండి. మీది వేరే జిల్లా అయితే మీలాగే మాట్లాడండి, వస్తువుల పేర్లు మాత్రం వాళ్లవి పెట్టండి.

ఇంకో మాట. స్లైడు మీద మొత్తం వాక్యాలు రాసి వాటినే చదవకండి. కన్ను ఒక వేగంతో, చెవి ఇంకో వేగంతో పోతే రెండూ చెడతాయి. తెర మీద "20 కాయలు", నోటితో మిగతా వివరం.

4. తెలుగు అక్షరాల తిప్పలు

ఆన్‌లైన్ పాఠాల మీద ఇంగ్లిషులో దొరికే గైడ్లలో ఇది ఉండదు. కానీ మన దగ్గర సగం పూట దీనికే పోతుంది.

డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన మ్యాటర్‌ను గూగుల్ ఫారంలోకి కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అది యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా అక్షరం అక్షరంలాగే కనబడే పద్ధతి) కాదు. కన్వర్టర్‌తో మార్చినా ఒత్తులు, సున్నాలు అక్కడక్కడా తప్పుతాయి, అక్షరం అక్షరం చూసుకోవాలి. నాలుగు ప్రశ్నలే కాబట్టి ఫోన్ కీబోర్డుతో మళ్లీ కొట్టుకోవడం తొందరగా అయిపోతుంది.

స్లైడ్లలో మందపాటి యూనికోడ్ ఫాంటు వాడండి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. వరుసల మధ్య ఎడం 1.5 పెట్టండి. ఇంగ్లిషుకు సరిపోయే ఎడంలో మన ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి.

కొన్ని వీడియో ఎడిటింగ్ యాప్‌లలో తెలుగు టైపు చేస్తే ఒత్తు కిందికి పోకుండా పొల్లుతో పక్కన నిలబడుతుంది. "పత్తి" అని కొడితే "పత్‌తి" అని వస్తుంది. యాప్ సెట్టింగుల్లో వెతుకుతూ కూర్చోకండి. ఆ మాటను స్లైడులో టైపు చేసి, పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి, బొమ్మనే వీడియో మీద పెట్టండి.

చూసుకోవడం ఎట్ల: స్లైడును ఫోన్‌కు పంపి, చేయి చాపినంత దూరంలో పట్టుకుని, ఎండలో నిలబడి చదవండి. చదవలేకపోతే అక్షరం పెంచండి, లేదా మాటలు తగ్గించండి.

5. రికార్డింగ్

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు. మాట స్పష్టంగా లేకపోతే పది సెకన్లలో మూసేస్తారు. మైకును గడ్డానికి జానెడు కింద, చీర కొంగు లేదా కండువా రాసుకోని చోట పెట్టండి. ఫ్యాను, కూలరు ఆపండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మాట్లాడకముందు 10 సెకన్లు ఊరికే రికార్డు చేయండి. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్‌కు ఆ పది సెకన్ల నిశ్శబ్దమే నమూనా. దాన్ని ఎక్కువ లాగితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, కాబట్టి కొద్దిగా చాలు.

చేత్తో చేసి చూపించే పని అయితే కెమెరా ఎదురుగా వద్దు, చేసేవాళ్ల భుజం మీదుగా పెట్టండి. ఎదురుగా తీస్తే కుడి ఎడమ తారుమారై, చూసేవాళ్లు మనసులో తిప్పుకోవాల్సి వస్తుంది. కాయను తెల్ల తువ్వాల మీద కాకుండా ముదురు రంగు బట్ట మీద పగలగొట్టండి. పత్తి తెలుపు, పిల్ల పురుగు తెలుపు, బట్ట కూడా తెలుపైతే ఇక కనబడేదేమీ ఉండదు. ఎండ నెత్తిన ఉన్నప్పుడు చేతి నీడ కాయ మీద పడుతుంది, పొద్దున తొమ్మిది లోపు తీయండి. పురుగు మీద ఫోకస్ తాకి లాక్ చేసి 5 సెకన్లు కదలకుండా పట్టుకోండి. మీకు అతిగా అనిపించే ఆ 5 సెకన్లు, మొదటిసారి చూసేవాళ్లకు చాలీచాలనంత.

3వ నిమిషం దగ్గర వీడియోలోనే ఆగి ప్రశ్న అడగండి: "ఈ కాయల్లో ఎన్ని లెక్కలోకి వస్తాయి? వీడియో ఆపి లెక్కపెట్టండి." తర్వాత 4 సెకన్లు నిశ్శబ్దం.

వెనక సినిమా పాట వద్దు. మాటను మింగుతుంది, పైగా యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిము పడుతుంది.

6. ఫైలు సైజు

హ్యాండ్‌బ్రేక్‌లో బొమ్మ సైజు 480, సగటు బిట్‌రేట్ (సెకనుకు పట్టే డేటా) 500 కేబీపీఎస్, ఆడియో మోనో 64 కేబీపీఎస్ పెడితే నిమిషానికి సుమారు 4.2 ఎంబీ. ఆరు నిమిషాలకు 25 ఎంబీ. 720, బిట్‌రేట్ 1000 అయితే దాదాపు 48 ఎంబీ. ఏటూరునాగారం, తాడ్వాయి అడవి ఊళ్ల వరకు చేరాలంటే మొదటిది. పురుగు వంటి చిన్న వస్తువు 480లో మసకబారుతుంది కాబట్టి దాన్ని తెర నిండేంత దగ్గరగా తీసి ఉండాలి. వాట్సాప్‌లో ఫైలే పంపాల్సి వస్తే వీడియోగా కాక డాక్యుమెంటుగా పంపండి. లేకపోతే అది ఇంకోసారి కుదించి ఉన్న స్పష్టతనూ తీసేస్తుంది.

7. ఫారం, గ్రూపు

వీడియోను యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే తెరుచుకునేలా) పెట్టండి. ప్రైవేటు అని పెడితే మీకు తప్ప ఎవరికీ తెరుచుకోదు, మీ ఫోన్‌లో చక్కగా ఆడుతుంది కాబట్టి మీకు తెలియనే తెలియదు. ఆ లింకును గూగుల్ ఫారంలో చేర్చి, కింద ప్రశ్నలు పెట్టండి. సెట్టింగులలో:

- క్విజ్‌గా మార్చండి, మార్కులు వెంటనే కనబడేలా పెట్టండి.
- ఈమెయిల్ సేకరణ, "ఒక్కసారే జవాబు" రెండూ ఆపేయండి. రెండోది ఆన్‌లో ఉంటే గూగుల్ లాగిన్ అడుగుతుంది. పాస్‌వర్డ్ గుర్తులేనివాళ్లంతా అక్కడే వెనక్కి మళ్లుతారు.
- ఫైలు అప్‌లోడ్ ప్రశ్న పెట్టకండి, దానికీ లాగిన్ కావాలి. ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకోండి.
- ప్రతి ప్రశ్నకూ తప్పు జవాబు ఇచ్చినవాళ్లకు కనబడే వివరణ రాయండి. ఒక్కో తప్పుకు ఒక్కో వివరణ కావాలంటే, జవాబును బట్టి వేరే సెక్షన్‌కు పంపే ఏర్పాటు వాడండి.

మహిళా సంఘాలతో వాట్సాప్ గ్రూపు పెడితే ప్రతి ఒక్కరి నంబరూ అందరికీ కనబడుతుంది. రాత్రిపూట తెలియని ఫోన్లు మొదలైతే మీ పాఠం పేరే చెడుతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి, ఒకే మెసేజీ అందరికీ విడివిడిగా పోతుంది. ఒక్కోదానిలో 256 మంది వరకు పడతారు. మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసి ఉంటేనే మెసేజీ చేరుతుంది కాబట్టి, సంఘం మీటింగులోనో రైతువేదికలోనో కలిసినప్పుడే ఎదురుగా సేవ్ చేయించండి.

పంపే సమయం కూడా పాఠంలో భాగమే. కాయ పగలగొట్టే పాఠాన్ని జూన్‌లో విత్తనాలప్పుడు పంపితే కాయ పట్టేనాటికి ఎవరికీ గుర్తుండదు. కాయ పడుతున్న రోజుల్లో పంపండి. సద్దుల బతుకమ్మ వారంలోనో, మేడారం జాతర వారంలోనో పంపి "ఎవరూ చూడటం లేదు" అనుకోవద్దు.

8. ఐదుగురితో పరీక్ష

అందరికీ పంపకముందు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, వాళ్ల ఫోన్‌లోనే, వాళ్ల డేటాతోనే తెరిపించండి. మీరు నోరు విప్పొద్దు. ఇది కష్టం. వేలు తప్పుచోట పెడుతుంటే "అక్క, అది కాదు, పైన..." అని నాలుక మీదికి వస్తుంది. ఆపుకోండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి తిప్పి చూశారు, ఏ ప్రశ్న రెండుసార్లు చదివారు, రాసుకోండి. ఇద్దరు ఒకే చోట ఆగితే లోపం వాళ్లది కాదు. చివర్లో "బాగుందా?" అని అడగకండి, మొహమాటానికి బాగుందంటారు. నాలుగు కాయలు చేతికిచ్చి "చూసి చెప్పండి" అనండి.

9. ఫలితం చూసుకోవడం

ఎంతమంది చూశారన్నది పక్కన పెట్టండి. మూడు చోట్ల చూడండి.

యూట్యూబ్ స్టూడియోలో, చూసేవాళ్లు ఎక్కడ జారిపోతున్నారో గీత కనబడుతుంది. మొదటి 20 సెకన్లలోనే పడిపోతే ప్రారంభం మార్చాలి. మధ్యలో ఒక్కచోట గీత పైకి లేస్తే అక్కడ జనం వెనక్కి తిప్పి చూస్తున్నారని అర్థం. అది మెచ్చుకోలు కావచ్చు, అర్థం కాకపోవడమూ కావచ్చు. ఆ చోటికి సంబంధించిన ప్రశ్న మార్కులు చూస్తే తేలిపోతుంది.

ప్రశ్నల లెక్క: 40 మంది రాశారనుకుందాం. మొత్తం మార్కులను బట్టి పై 10 మందిని, కింది 10 మందిని తీయండి. ఒక ప్రశ్నకు పైవాళ్లలో 9 మంది, కిందివాళ్లలో 4గురు సరిగ్గా రాస్తే తేడా 5, ప్రశ్న బాగుంది. తేడా సున్నా అయితే ఆ ప్రశ్న ఎవరినీ వేరు చేయడం లేదు, మరీ తేలికదో మరీ గందరగోళమైందో. కిందివాళ్లే ఎక్కువ సరిగ్గా రాస్తే ముందు మీ జవాబుల కీ సరిచూసుకోండి, తప్పు జవాబుకు టిక్కు పెట్టి ఉంటారు.

మూడోది, ఏడు రోజుల తర్వాత అవే ప్రశ్నలు అంకెలు మార్చి మళ్లీ పంపడం. దాంతోపాటు ఒక ఫొటో అడగండి: తమ చేనులో పగలగొట్టిన 20 కాయలు వరుసగా పేర్చి తీసింది. ఫొటోలో కాయలన్నీ సగం విచ్చినవే ఉంటే "పచ్చికాయ" అంటే ఏదో మీ వీడియో సరిగ్గా చూపించలేదు. 20కి బదులు 6 ఉంటే, అన్ని కాయలు ఎందుకు కోయాలో చెప్పడం మరిచారు. వీడియోలో ఆ ఒక్క ముక్కే మళ్లీ తీయండి.

మళ్లీ తీసినప్పుడు ఒక ఇబ్బంది వస్తుంది. యూట్యూబ్‌లో ఎక్కించిన వీడియో స్థానంలో అదే లింకుతో కొత్తది పెట్టడం కుదరదు. అందుకే మొదటినుంచీ జనానికి యూట్యూబ్ లింకు ఇవ్వకుండా ఫారం లింకే ఇవ్వండి. ఫారం లోపల పాత వీడియో తీసి కొత్తది పెడితే, ఊళ్లలో ఇప్పటికే ఫార్వర్డ్ అయిన లింకు అట్లనే పనిచేస్తుంది.